వృక్షశాస్త్రానికి మా నాన్న పెట్టిన పరీక్ష

మా అక్క బీయస్సీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా నాన్న వృక్షశాస్త్రానికి ఒక పరీక్ష పెట్టాడు. అక్కకు కాదు, శాస్త్రానికే. తాను పదో తరగతి దగ్గర ఆగిపోయిన మనిషి గనుక, పరీక్షలు రాయడంలో కంటే పెట్టడంలోనే సుఖముందని ఆయన ఎప్పుడో గ్రహించాడు.

ఇది రెండువేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా జరిగిన సంగతి. మా ఊరు ఒంగోలుకూ గుంటూరుకూ నడుమ ఉంటుంది. పొగాకు, మిరప, పత్తి మా పంటలు. "మూడింట్లో ఒక్కటి కూడా కడుపు నింపేది కాదు" అని అక్క ఒకసారి అన్నందుకు నాన్న ఆమెతో రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట గేదె తప్పిపోయింది కాబట్టి మాట్లాడక తప్పలేదు.

అక్క గుంటూరులో హాస్టల్లో ఉండి చదివేది. బీయస్సీ అయ్యాక విశాఖపట్నంలో ఎమ్మెస్సీ బోటనీ చేస్తానని పట్టు పట్టింది. నాన్న ఒంగోల్లో బీయీడీ చెయ్యమన్నాడు. బీయీడీ అయితే టీచరు ఉద్యోగం వస్తుంది, బోటనీ అయితే ఏమొస్తుందో ఆయనకు తెలియదు. తెలియనిదాన్ని ఆయన నమ్మడు. తెలిసినదాన్నయినా విత్తనాల కొట్టువాడు చెబితే తప్ప నమ్మేవాడు కాదు.

"చెట్ల గురించి చదవటానికి అంత దూరం ఎందుకమ్మాయ్? మన చేలో లేవా చెట్లు? పుట్టినకాడ నుంచీ వాటి మధ్యే ఉన్నా. నాకు తెలియంది ఆళ్ళేం చెబుతారు?"

"చాలా చెబుతారు నాన్నా."

"ఒకటి చెప్పమను."

ఈ సంభాషణ పొగాకు నారు పోసినప్పుడు మొదలై, ఆకును బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టేదాకా సాగింది. మధ్యలో మా అమ్మను ఎటువైపని అడిగితే, "నేను మిరపకాయల వైపు" అని కళ్ళంలోకి వెళ్ళిపోయేది.

ఆ ఏడు పరీక్షలు వెనక్కి జరగడంతో కాలేజీవాళ్ళు బోటనీ టూరును ఏప్రిల్లో పెట్టారు. ఊటీలో దొరలు వేసిన పాత తోట చూడాలి, రిపోర్టు రాయాలి. ఆడపిల్లలకు తోడుగా ఇంట్లోవాళ్ళు ఎవరైనా సొంత ఖర్చుతో రావచ్చన్నారు. కాలేజీవాళ్ళ మనసులో ఉన్నది తల్లులు. మా అమ్మకు కళ్ళం నిండా కాయలు ఎండుతున్నాయి. ఆమెకు ఊటీ అయినా మా పక్కనున్న ఉప్పుగుండూరు అయినా ఒకటే. అందుకని నాన్న బయల్దేరాడు. బయల్దేరేముందు అక్కను పిలిచి షరతు చెప్పాడు.

"ఆ తోటలో నాకు తెలియని సంగతి ఒక్కటి చూపించు. ఒక్కటంటే ఒక్కటి. చూపిస్తే విశాఖపట్నం పో. లేకపోతే ఒంగోల్లో బీయీడీ. మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

అక్క వెంటనే ఒప్పుకుంది. ప్రపంచంలోని ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి పెట్టిన తోట అది, నాన్నకు తెలియనిది ఒక్కటి దొరకదా అనుకుంది. ఆమె మొక్కల్ని లెక్కలోకి తీసుకుంది గానీ నాన్నను తీసుకోలేదు.

నన్ను పంపింది అమ్మ. ఎంసెట్ మొదటిసారి పోయి, రెండోసారి పోవడానికి సిద్ధమవుతున్న రోజులు అవి నాకు. "ఆయన పక్కన ఒకడు ఉండాలిరా. ఎవుర్నన్నా ఏదన్నా అంటే లాక్కురావటానికి" అంది. బస్సు నిండా ఆడపిల్లలు, అందులో నేను. కొత్త జీన్సు ప్యాంటు వేసుకుని వెళ్ళాను. అయితే గుంటూరులో బస్సెక్కగానే నన్నూ నాన్ననూ డ్రైవరు పక్కన క్యాబిన్లో, ఇంజను మీద కూర్చోబెట్టారు. మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి అణిచే చెక్క చట్రం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఆ టూరు మొత్తంలో ఆడపిల్లలు నన్ను నమ్మి అప్పగించింది అదొక్కటే.

నల్లపాడు దాటకముందే నాన్న రోడ్డు పక్క చేలకు మార్కులు వెయ్యడం మొదలుపెట్టాడు. "ఈడు యూరియా ఎక్కువేశాడు." "ఈడసలు చేలోకి దిగినట్టు లేదు." "ఇది కౌలు చేను, మొహం చూస్తేనే తెలుస్తా ఉంది." డ్రైవరు మా పక్క ఊరివాడే, అతనికీ నాలుగెకరాలుంది. ఇద్దరూ కలిసి ఒంగోలు, నెల్లూరు జిల్లాల్ని పూర్తిగా ఫెయిల్ చేశారు. తమిళనాడులోకి వెళ్ళాక కొబ్బరితోటలకు పాస్ మార్కులు పడ్డాయి. కొండ ఎక్కుతుంటే టీ తోటలు వచ్చాయి. ఆడపిల్లలందరూ ఒక వైపుకు ఒరిగి అబ్బా అన్నారు. నాన్న కాసేపు చూసి, "ఎదగనియ్యకుండా కత్తిరిస్తానే ఉన్నారు. ఇది పంటా, కంచా?" అన్నాడు.

మర్నాడు పొద్దున తోటకు వెళ్ళాం. చలి. నాన్న మంకీ క్యాపు మీద తలపాగా చుట్టి, పైన శాలువా కప్పుకున్నాడు. బొటానికల్ గార్డెనుకు కాదు, అయ్యప్ప మాల వేసుకుని పొగాకు వేలానికి వచ్చిన మనిషిలా ఉన్నాడు. గేటు దగ్గర టిక్కెట్టు తీసుకుంటూ, "చెట్లు చూడటానికి డబ్బులిచ్చానని ఊళ్ళో చెప్పమాకు" అని నాతో అన్నాడు.

అక్క వాళ్ళ మేడం ఒక్కో చెట్టు దగ్గర ఆగి, దాని లాటిన్ పేరు, కుటుంబం, స్వదేశం చెబుతుంటే పిల్లలు రాసుకుంటున్నారు. నాన్న ముందు వరసకు వెళ్ళి నిలబడ్డాడు. మొదట వచ్చింది కోతులు కూడా ఎక్కలేవని చెప్పే ముళ్ళ చెట్టు, దక్షిణ అమెరికాది.

"మేడం గారూ, ఇది ఏం కాస్తదండి?"

"ఇక్కడ పెద్దగా కాయదండి."

"కలప?"

"కొట్టరండి."

"మరి పెంచేది ఎందుకండి?"

"చూడ్డానికి."

నాన్న వెనక్కి తిరిగి అక్కను చూశాడు. ఏమీ అనాల్సిన అవసరం లేనంతగా చూశాడు. రెండో చెట్టు దగ్గరా ఇవే ప్రశ్నలు, మూడోదాని దగ్గరా ఇవే. నాలుగో చెట్టుకు వచ్చేసరికి మేడమే ముందుగా, "ఇది కూడా చూడ్డానికేనండి" అని చెప్పేసి పాఠం మొదలుపెట్టింది.

అక్క తొందరపడలేదు. ఆమె ముందే రాసిపెట్టుకున్న వరస ఒకటుంది. మొదట నాన్నను రాయిగా మారిపోయిన చెట్టు మాను దగ్గరికి తీసుకెళ్ళింది. కోట్ల ఏళ్ళ కిందటిదని బోర్డు ఉంది.

"చూడు నాన్నా. చెట్టు రాయి అయింది. ఇది నీకు తెలుసా?"

నాన్న కిందికి వంగి, వేలితో తట్టి, గోటితో గీశాడు. "నలుపు తక్కువ. చీమకుర్తి క్వారీకి తీసుకపోతే కోసి పాలిష్ పడతారు గానీ, రేటు రాదు."

"రేటు కాదు నాన్నా. చెట్టు రాయిగా మారటం."

"మన పడమటి చేలో దుక్కి దున్నకుండా రెండేళ్ళు ఒదిలెయ్. మట్టే రాయి అవుతది. చెట్టెంత?"

అక్క పళ్ళు బిగించి రెండోదానికి వెళ్ళింది. అద్దాల గదిలో, ఆకుల చివర కూజాల్లాంటివి వేలాడే మొక్క ఒకటుంది. పురుగులు ఆ కూజాలో పడితే మొక్క వాటిని కరిగించి తినేస్తుంది. అక్క ఈ మాట చెప్పడం పూర్తికాకముందే నాన్న శాలువా తీసి నా భుజం మీద వేశాడు. అంటే ఆయనకు ఒళ్ళు వేడెక్కిందని అర్థం.

"పురుగును తింటదా?"

"తింటుంది నాన్నా."

"పచ్చపురుగును?"

పచ్చపురుగు అప్పట్లో మా పత్తి రైతులకు ఇంటిపేరు లాంటిది. వారానికి రెండు మందులు కలిపి కొట్టినా అది మొగ్గలో తలపెట్టి పడుకునేది. పురుగు మీద పనిచెయ్యని మందు మనుషుల మీద మాత్రం పనిచేసిన సంవత్సరాలు అవి. ఈ ఒక్క వాక్యం మీద నా దగ్గర జోకు లేదు.

"పచ్చపురుగును కాదేమో నాన్నా. చీమలు, దోమలు, ఈగలు..."

"విత్తనం దొరుకుతదా? ప్రతి పది సాళ్ళకూ ఒక సాలు ఇది పెడితే?"

"నాన్నా, ఇది వర్షం బాగా పడే అడవుల్లో పెరుగుతుంది. మన నల్లరేగట్లో బతకదు."

నాన్న శాలువా మళ్ళీ కప్పుకున్నాడు. "అయితే ఇదీ మందు కంపెనీవాడి క్యాలెండరు లాంటిదే. బొమ్మలో పురుగు చస్తది, చేలో చావదు. ఇట్టాంటిది నాకు తెలియందేం కాదు."

అప్పటికి అక్క చేతిలో ఇంకొకటే మిగిలింది. అది ఆమె ఆఖరికి దాచుకున్నది. మనిషికి పనికొచ్చే మొక్కలంటూ ఒక పక్కన చిన్న మడులు వేసి, ఒక్కోదానికి బోర్డు పెట్టారు. అందులో మిరప ఉంది. గుంటూరు జిల్లా నుంచి రాష్ట్రం సరిహద్దు దాటి, కొండెక్కి, టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, మేము నాలుగు మిరప మొక్కలు చూస్తూ నిలబడ్డాం. నాన్న ఆకు తిరగేసి, "కింద ముడత మొదలైంది. ఈళ్ళకు తెలిసినట్టు లేదు" అన్నాడు తృప్తిగా. పరాయివాడి చేలో తెగులు కనబడితే రైతుకు వచ్చే తృప్తి అది.

"నాన్నా, బోర్డు మీద ఏముందో చదవనా? దీని స్వదేశం దక్షిణ అమెరికా. మిరప మనది కాదు. ఎప్పుడో పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెచ్చారు. అంతకుముందు మన దేశంలో మిరపే లేదు."

నాన్న అక్క మొహంలోకి చూశాడు. తర్వాత బోర్డు వైపు చూశాడు. తర్వాత, ఈ పిల్లకు చలికి జ్వరమేమన్నా తగిలిందా అన్నట్టు నా వైపు చూశాడు.

"మిరప మనది కాదా?"

"కాదు."

"మరి అంతకుముందు మనోళ్ళు కూరలో ఏమేసుకున్నారు?"

"మిరియాలు."

"గోంగూర పచ్చట్లో మిరియాలు." నాన్న ఆ మాటను కాసేపు నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు ఆగాడు. "అమ్మాయ్, నేను నాకు తెలియని సంగతి చెప్పమన్నా. అబద్ధం చెప్పమనలా."

"అబద్ధం కాదు నాన్నా, పుస్తకంలో ఉంది. మేడంని అడుగు."

"పుస్తకం రాసినోడు గుంటూరు మిరప యార్డుకు ఎప్పుడన్నా వచ్చాడా? కళ్ళు మండేదాకా ఒక గంట నిలబడి, అప్పుడు చెప్పమను ఎవరిదో."

అక్క అలిగి పక్కకు తిరిగింది. నాన్న కూడా అలిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని మడుల వెంట ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆయన్ను ఒంటరిగా వదలొద్దని అమ్మ నాకు చెప్పిన సంగతి నిజమే. కానీ అదే సమయంలో ఇద్దరు అమ్మాయిలు ఆకులు అణచడానికి చట్రం తెమ్మని నన్ను పిలిచారు. టూరు మొదలయ్యాక నన్ను పిలవడం అదే మొదలు. నేను చట్రం వైపు మొగ్గాను.

వచ్చే నెలలో అక్కడ పూల ప్రదర్శన ఉంది. దానికోసం తోటవాళ్ళు వేరుగా ఒక చోట మడులు పెంచుతున్నారు. అందులో ఒక మడి నిండా పొగాకు. మన పొగాకు కాదు, పూల కోసం పెంచే రకం. కానీ కాడ అదే, ఆకు అదే, అంటుకునే జిగురు అదే. మొవ్వలో నుంచి పూత తలలు అప్పుడే పైకి లేస్తున్నాయి.

పొగాకు పండించనివారికి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. పొగాకుకు మేము పూత రానివ్వం. తల కనపడగానే తుంచేస్తాం. తుంచకపోతే బలమంతా పువ్వుకు పోయి ఆకు పలచనవుతుంది. మా ఊళ్ళో పొగాకు మొక్కకు పువ్వు ఉందంటే ఆ ఇంట్లో మగవాళ్ళు తాగుబోతులనో, మంచాన పడ్డారనో అర్థం. దారిన పోయేవాడు కూడా పరాయి చేలో పూత తల కనపడితే ఆగి తుంచి పోతాడు. అది మర్యాద. పక్కింటివాళ్ళ గేదె తాడు తెంపుకుంటే పట్టుకుని కట్టెయ్యమా, అలాగే.

నేను చట్రం బిగించి తలెత్తేసరికి నాన్న ఆ మర్యాద చేస్తున్నాడు. కోపంగా ఉన్నప్పుడు ఆయన చేతులు ఖాళీగా ఉండవు. రెండు చేతులా తుంచుతున్నాడు, చూడకుండా, మడి చివర నుంచి చివరకు. ఒక వరస అయిపోయింది, రెండో వరస సగానికి వచ్చింది. తుంచిన తలల్ని పద్ధతిగా సాలు మధ్యలో పడేస్తున్నాడు. మొహంలో ప్రశాంతత. తోటలోకి వచ్చాక ఆయనకు అర్థమైన మొదటి పని అది.

నేను పరుగెత్తాను. నాకంటే ముందు ఒక తోటమాలి తమిళంలో కేకలేస్తూ పరుగెత్తాడు. అతని కేకలకు స్వెట్టరు వేసుకున్న ఆఫీసరు వచ్చాడు. ఆఫీసరు కేకలకు మా బస్సు బస్సంతా వచ్చింది, డ్రైవరుతో సహా.

ఆఫీసరు ఇంగ్లీషులో అరిచాడు. నాన్న తెలుగులో జవాబు చెప్పాడు. అవతలివాడికి భాష రాకపోతే గొంతు పెంచితే సరిపోతుందని మా ఊళ్ళో ఒక నమ్మకం.

"ఏందయ్యా నీ గోల. పూత వచ్చి ఎన్నాళ్ళయింది? ఆకు పలచనబడలా? చూసుకోవా?"

"ఏమంటున్నాడు?" అన్నాడు ఆఫీసరు నాతో, ఇంగ్లీషులో.

"మీ ఆకు పలచనయిందని బాధపడుతున్నాడు సార్" అన్నాను. ఎంసెట్‌లో కూడా నేను ఇంత సరైన జవాబు రాయలేదు. అదీ పనికి రాలేదు.

ఆఫీసరు మొహం మిరప రంగుకు తిరిగింది. ఇవి ప్రదర్శనకు పెంచినవి, మంత్రి వచ్చి చూసేవి, ఏ కాలేజీ మీది అని అడిగాడు. మేడం కాలేజీ పేరు చెప్పింది. ప్రిన్సిపాలుకు రాస్తానన్నాడు, ఇక ముందు మీ కాలేజీని గేటు లోపలికి రానివ్వనన్నాడు, ఈ పిల్లల రిపోర్టుల మీద సంతకం పెట్టనన్నాడు. రిపోర్టు లేకపోతే మార్కులు లేవు. ఆడపిల్లలందరూ ఒకేసారి నాన్న వైపు చూశారు. నాన్నకు ఇంగ్లీషు రాదు గానీ ఆ చూపు ఏ భాషో తెలుసు. చేతిలో మిగిలిన పూత తలను మెల్లగా శాలువా కిందికి పెట్టుకున్నాడు.

అప్పుడు అక్క ముందుకు వచ్చింది. ఆమె ఇంగ్లీషు నిదానంగా ఉంటుంది, ఒక్కో మాటా నేల చూసుకుని అడుగేసినట్టు. తల ఉన్నంతకాలం అది కింది మొగ్గల్ని లేవనివ్వదని, ఇప్పుడు తల పోయింది కనుక ప్రతి ఆకు మొదట్లోంచీ పక్క కొమ్మ వస్తుందని, ప్రతి కొమ్మా పూస్తుందని చెప్పింది. ప్రదర్శనకు ఇంకా రోజులున్నాయి, పొట్టిగా గుబురుగా పెరిగి పూలు ఎక్కువే వస్తాయి, గాలికి ఒరగవు కూడా అంది.

ఆఫీసరుకు ఇది తెలియదని కాదు. ఆయన ఉద్యోగమే అది. కోపంలో మరిచిపోయాడంతే. ఆయన మడి వైపు తిరిగి, తుంచినవీ తుంచనివీ పక్కపక్కన చూశాడు.

"అలా అయితే ఈ రెండు వరసలు పొట్టిగా, మిగతావి పొడుగ్గా ఉంటాయి" అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది.

"అవును సార్" అంది అక్క. "అందుకని మిగతావి కూడా తుంచెయ్యాలి."

 ఆఫీసరు గడ్డం గోక్కున్నాడు. తోటమాలిని పిలిచి తమిళంలో ఏదో అడిగాడు. తోటమాలి తల నిలువుగా ఊపాడో అడ్డంగా ఊపాడో మాకు తెలియలేదు, తమిళనాడులో ఆ రెండూ ఒకలాగే ఉంటాయి. చివరికి ఆఫీసరు చేత్తో మడిని చూపించి పక్కకు తప్పుకున్నాడు.

"ఏమంటాడు?" అన్నాడు నాన్న.

"మొత్తం తుంచెయ్యమంటున్నాడు" అన్నాను.

"ఇందాకటి నుంచీ నేను చెప్పేది అదేగా" అని నాన్న పంచె ఎగగట్టాడు.

ఆయన తుంచుతుంటే తోటమాలి వెనకే వచ్చి తలలు బుట్టలో వేసుకున్నాడు. ఆఫీసరు పిల్లల రిపోర్టుల మీద సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు అక్కను, "ఎమ్మెస్సీ ఎక్కడ చేస్తున్నావు?" అని అడిగాడు. అక్క నాన్న వైపు చూసి, "ఇంకా తేలలేదు సార్" అంది.

దిగే దారిలో నాన్న క్యాబిన్లోంచి లేచి, అక్క సీటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"నువ్వు ఆయనకు ఏం చెప్పావు?"

అక్క తెలుగులో చెప్పింది.

"పిలకల సంగతేగా" అన్నాడు నాన్న. "తల తుంచితే పిలకలొస్తాయి, తియ్యకపోతే పూస్తాయి. తీసీ తీసీ మీ అమ్మ గోళ్ళన్నీ నల్లబడ్డయ్యి. అది నాకు తెలియనిదా?"

"తెలిసిందే."

"మరి నాకు తెలియంది?"

బస్సు మలుపు తిరిగింది. అక్క కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఏం లేదు నాన్నా. ఒప్పుకున్నాగా. ఇక ఆ మాట ఎత్తను."

ఆమె నిజంగానే ఎత్తలేదు. మెట్టుపాళయంలో ఎత్తలేదు, గుంటూరులో ఎత్తలేదు. పరాయి తోటలో చెయ్యి పెట్టకూడదన్నది ఆయనకు తెలియని సంగతే కదా అని నేను ఒక జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు. నాన్న గెలిచాడు. గెలిచినవాడు దారిపొడుగునా ఏ చేనుకూ మార్కులు వెయ్యకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

మేము ఇల్లు చేరేసరికి డ్రైవరు తన ఊరు చేరిపోయాడు. అతను చేరాక కబురు మా ఊరు చేరడానికి ఒక టీ చల్లారేంత సమయం పట్టింది. మర్నాడు ఉదయం నాన్నా నేనూ సెంటరులో టీ హోటలుకు వెళ్తే, పక్క చేను ఆయన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. వరసకు నాన్నకు బావమరిది. చోటిచ్చాడంటేనే ఏదో ఉంది.

"ఏం బావా, ఊటీలో పొగాకు తలలు తుంచి వచ్చావంట. కూలెంత ఇచ్చారు?"

హోటలంతా ఆగింది. నాన్న గ్లాసులో నురగ ఊదాడు.

"కూలేంది. పిలిపించారు."

"ఎవురు?"

"ఆఫీసరు. మడి చెడిపోయింది ఆళ్ళకి. ఎట్టా బాగు చెయ్యాలో తెలియట్లా. మన అమ్మాయి చెప్పింది. ఒరేయ్, చెప్పలా?"

"చెప్పింది" అన్నాను. నేను అబద్ధమాడలేదు. కొంచెం ముందుదీ కొంచెం వెనకదీ వదిలేశాను.

సాయంత్రానికి కథలో ఆ ఆఫీసరు డైరెక్టరు అయ్యాడు. మూడు రోజుల తర్వాత మంత్రి చేరాడు. పూల పండక్కి వచ్చే మంత్రి పరువు మా అక్క చేతిలో ఉంది. వారం తిరిగేసరికి డైరెక్టరు అక్కను మేడం అంటున్నాడు, టీ తెప్పిస్తున్నాడు, "ఇట్టాంటి పిల్లను మీ ఊళ్ళో ఎట్టా కన్నారయ్యా" అని నాన్నను అడుగుతున్నాడు. నాన్న అడక్కుండా తుంచిన రెండు వరసలు మాత్రం కథలోంచి ఎప్పుడో మాయమయ్యాయి. పొగాకు పువ్వులాగే, బలమంతా అటు పోకుండా.

బావమరిది ప్రతిరోజూ విన్నాడు. ఆయన ఓపికున్న మనిషి, పత్తి రైతు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అందరూ ఉన్నప్పుడు, తాపీగా అడిగాడు.

"అయితే బావా, అంత తెలిసిన పిల్లని ఒంగోల్లో బీయీడీలో వేస్తున్నావంట ఎందుకు? పైకి పంపవా?"

నాన్న గ్లాసు కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. రెండు దారులున్నాయి. ఒకటి విశాఖపట్నానికి పోతుంది, రెండోది ఊటీలో ఆ మడి దగ్గరికి వెనక్కి పోతుంది. హోటలు యజమాని పాలు కాగబెట్టడం కూడా ఆపి చూస్తున్నాడు.

"పంపకేం" అన్నాడు నాన్న. "విశాఖపట్నం పంపుతున్నాం. ఎప్పుడో అనుకున్నాం."

"ఎప్పుడు?"

"ఊటీ పోకముందే."

నాన్న ఇంటికి వచ్చి కళ్ళం దగ్గర నిలబడ్డాడు. అమ్మా అక్కా ఎర్రకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నారు. "విశాఖపట్నంలో హాస్టలుందా?" అని అడిగాడు, గేదెకు దాణా ఉందా అన్నట్టు.

అక్క చేతులాపింది. "మరి షరతు నాన్నా?"

"షరతు సంగతి హోటలు దగ్గర ఎవురికీ చెప్పలా" అన్నాడు నాన్న. "చెప్పనిది లేనట్టే."

అని చేలోకి వెళ్ళిపోయాడు. అక్క ఒళ్ళో కాయలు దులిపింది. తర్వాత లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. ఏడుస్తుందో నవ్వుతుందో బయటికి వినపడలేదు. అమ్మను అడిగాను.

"నీకెందుకురా" అంది అమ్మ, తల ఎత్తకుండా. "దాని చోట్లో కూర్చుని ఈ కాయలు ఏరు. ఇక నుంచి ఈ పని నీదే."